వానలో అంచు వెంబడి

ఆత్మకూరులో వాన పడితే నడిచేవాళ్లంటే ఎవరికీ లెక్కలేదు. కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే బజారు వీధిలో మోకాటిలోతు మురికినీళ్లు నిలుస్తాయి. కార్లవాళ్లు ఆ నీళ్లను మన మొహాన కొట్టి, హారన్ కూడా మన మీదే మోగిస్తారు. ఒకసారి ఒళ్లు మండి గొడుగుతో ఒక కారు అద్దం మీద ఒక్కటిచ్చాను. అద్దం పగల్లేదు, గొడుగే విరిగింది. మళ్లీ దొరికినా కొడతాను.

మా అత్తది దుత్తలూరు దగ్గర మెట్ట పల్లె. కంటి ఆపరేషనయ్యాక డాక్టరుకు చూపించుకోవడానికి నా దగ్గరికొచ్చింది. ఆ రోజు కుండపోత. ఆటోలు లేక బస్టాండు నుంచి ఆసుపత్రికి నడిచాం. నేను రోడ్డు నడిమధ్యన నడుస్తున్నాను. ఎవడు తిట్టినా, కనీసం కాళ్ల కింద తారు ఉంటుంది. ఆమె మాత్రం దుకాణాల వెంబడే పోతోంది. వాళ్ల ఊళ్లో వంక పారేటప్పుడు లోతంతా మధ్యలో ఉంటుంది, అందుకని ఒడ్డువారనే నడుస్తారు. ఇక్కడ లోతు అంచునే, మురుగు కాలువలో ఉంటుందని ఎంత చెప్పినా వినలేదు. పుట్టినప్పటి నుంచి వంకల్లో నడిచినదానికి నువ్వు నేర్పిస్తావా అని నన్నే కసిరింది.

షాపులోకి నీళ్లు దూరకుండా కాలువ మీది బండ ఎత్తి పక్కన పెట్టడం ఇక్కడి వ్యాపారులకు అలవాటే. ఎత్తినవాడు గుర్తుగా అక్కడ వేపకొమ్మ గుచ్చాలి. మా దారిలోని ఇనుప సామాన్ల షాపతను ఆ రోజు బండ ఎత్తాడు గానీ కొమ్మ గుచ్చలేదు.

అత్త ఒక్క అడుగులో మెడదాకా దిగిపోయింది. కేక కూడా వెయ్యలేదు. నీళ్లు ఆమె కాళ్లను పక్క బండ కిందికి ఈడ్చుకుపోతున్నాయి. నేను బోర్లా పడి చేతికందింది పట్టుకున్నాను. అందింది జుట్టు. రెండు చేతులకూ చుట్టుకుని లాగాను. బండ అంచుకు కొట్టుకుని ఆమె నుదురు చిట్లింది. నా మోచేతులు చెక్కుకుపోయాయి. నేనూ జారుతున్నాను.

"వదిలిపెట్టు మే. నువ్వు గూడా పోతావు," అంది.

"నోరు ముయ్యి అత్తా," అన్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెకు ఎదురు మాట్లాడింది అదే మొదలు.

షాపతనే గడ్డపార తెచ్చి పక్క బండ పెకలించి, కాలువలోకి దూకి, నడుం పట్టి ఆమెను పైకి తోశాడు. ఆమె షాపు మెట్టు మీదికి చేరగానే నేను అతని చొక్కా పట్టుకున్నాను. కొమ్మ ఎక్కడరా అని అరుస్తూ చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టాను. కాపాడింది అతనేనని తెలుసు. అయినా కసి తీరలేదు. అతను తలొంచుకుని దెబ్బలు తిన్నాడు.

అప్పుడు అత్త నన్ను దగ్గరికి రమ్మని చెయ్యి ఊపింది. వంగితే చెంప ఛెళ్లుమనిపించింది. బజారంతా చూస్తోంది.

"వదలమంటే వదలవా? ఇద్దురు బిడ్డల తల్లివి. నేను బతికినంత బతికినాను. నువ్వు పోయుంటే ఆ బిడ్డలకి ఏం చెప్పేదాన్ని?"

ఇద్దరం పోయుంటే చెప్పడానికి ఆమె మాత్రం ఎక్కడుంటుందని నేను అడగలేదు. రక్తం కారుతున్న ఆ తలను పొట్టకేసి అదుముకుని, ఆ వానలోనే భోరున ఏడ్చాను. ఊడొచ్చిన ఆమె తెల్లజుట్టు ఇంకా నా పిడికిట్లోనే ఉంది.