ఓబులేసు చెప్పిన మూడో మాట

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. "తాతా, హాంకాంగ్ ఓబులేసు పోయినాడంట."

చేతిలో టీ చల్లారిపోయింది. నా ఈడు వాళ్లలో మిగిలింది వాడొక్కడే.

తర్వాత ఫేస్‌బుక్ చూశాను. వాడి అన్న కొడుకులు ఫోటో పెట్టారు. "మా చిన్నాయన, కమ్‌బ్యాక్ కింగ్, మా ఫ్యామిలీకే ఇన్‌స్పిరేషన్."

థూ.

నేను చెబుతుంటే ఇదంతా మనవరాలు టైప్ చేస్తోంది. తిట్లు తీసెయ్యొద్దని చెప్పాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఓబులేసు మద్రాసులో ఓడెక్కి, హాంకాంగ్‌లో హోటల్ పనికి కుదిరాడు. జబ్బుపడ్డాడు, కబురు ఆగిపోయింది. వీడు చచ్చాడని ఎవడో అన్నాడు.

అంతే. ఆళ్లగడ్డలో అన్న దినాలు చేసేశాడు, వీడి చేను కలిపేసుకున్నాడు. ఎంత శ్రద్ధో!

ఒకరోజు వీడు నంద్యాల బస్సు దిగి వాకిట్లో నిలబడ్డాడు. కంగారులో నోట హాంకాంగ్ వాళ్ల కాంటనీస్ మాటలే వచ్చాయి.

వదిన కేక పెట్టింది. "దెయ్యమప్పో! తెలుగు గూడా రాదు!"

అన్న గడప దాటనివ్వలేదు. "నీకు పిండం పెట్టినాం. లోపలికొస్తే అరిష్టం, పో."

చేను మాత్రం అరిష్టం కాలేదు, మహానుభావుడికి.

నేరుగా నా టైలర్ షాపుకొచ్చాడు.

"ఖాదరా, ఆడ జరం తగ్గితే 'హోవ్ ఫాన్' అంటారు. చెడినోడు మళ్లా లేస్తే 'ఫాన్ సన్', ఒళ్లు తిప్పుకోవడం. సచ్చినోడు బతికొస్తే 'ఫాన్ సాంగ్'. మొదటి రెండూ ఆడ పనికొచ్చినాయి. మూడోది ఈడనే పనికొచ్చిందిరా."

నవ్వుతూనే చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మన తట్టు ఒళ్లు తిప్పుకుంటే కాదు, వంచల్ల" అన్నాను.

వంచాడు. నంద్యాల బస్టాండు పక్కన టీ అంగడి పెట్టి, దాన్నే హోటల్ చేశాడు. అన్న కుటుంబమంతా వచ్చి పీకలదాకా తిని పోయేది. పైగా ఉప్పు తక్కువని వంకలు.

వాడు హాంకాంగ్‌లో ఉండగానే వాళ్లమ్మ పోయింది. వాడు అన్నను అడిగింది ఒక్కటే. "అమ్మ పండుకున్న అర్రలో ఒక్కసారి కూచోని వస్తానన్నా."

అరిష్టమట. అన్న పోయాక కొడుకులూ అదే మాట.

నిన్న శవాన్ని ఆ ఇంటికే తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను. వాకిట్లో, ఎండలో పడుకోబెట్టారు.

"ఇప్పుడన్నా లోపలికి తీసుకపోండ్రా" అన్నాను.

"బయట పోయినోళ్లను లోపలికి తేగూడదు మామా" అన్నాడు ఇన్‌స్పిరేషన్ అని రాసిన పెద్దమనిషి, ఫోన్లోంచి తలెత్తకుండా.

ఓబులేసూ, నీ ఆత్మకు శాంతి కలగాలి రా. అమ్మ దగ్గరికి పోతున్నావు. అక్కడ నిన్నెవరూ ఆపరు.