కంప్యూటర్‌కు తెలియని పన్నెండు బస్తాలు

ముందే ఒప్పుకుంటున్నాను: నేను గోరంతను కొండంత చేసేవాణ్ని. మా ఇంట్లో నా మాటను సగానికి కోసి, ఆ సగంలోంచి ఇంకో సగం తీసేసి వింటారు. మీరూ అలాగే చదవండి.

తొంభైల్లో ఖమ్మంలో మిర్చి బస్తాలు దాచే ఒక కోల్డ్ స్టోరేజీకి ప్రోగ్రాం రాశాను. అది నా మొదటి ప్రోగ్రాం, దాని యజమాని షావుకారు నా మొదటి గిరాకీ. రైతు పేరు కొడితే అతని బస్తాలు ఏ గదిలో, ఏ వరుసలో ఉన్నాయో తెర మీద కనిపించాలి. ఆ గదుల చలి ఎంతటిదంటే, మిర్చి ఘాటుకు తుమ్మిన తుమ్ము గడ్డకట్టి ఉగాదిదాకా కరిగేది కాదు. షావుకారు పూజ చేయించి కీబోర్డుకు పెట్టిన పసుపు కుంకాలకు అరడజను మీటలు అంటుకుపోయాయి. కంప్యూటర్ అన్నీ చూస్తుందని ఆయన నమ్మకం. అలా నమ్మించింది నేనే.

ఒకరోజు పదింటికి చర్ల నుంచి ఒక పెద్దాయన బస్సు దిగి వచ్చాడు. తన పన్నెండు బస్తాలకు బేరం కుదిరిందట. కొన్నవాళ్ల లారీ ఒంటిగంటకు కదులుతుంది. ఈలోగా బస్తాలు ఎక్కకపోతే బేరం లేదు.

పేరు కొట్టాను. రెండో గది, ఏడో వరుస అంది. హమాలీలు వెళ్లి చూసొచ్చారు. అక్కడున్నవి మధిర రైతువి.

"మళ్ల కొట్టు సారూ," అన్నాడు షావుకారు.

కొట్టాను. రెండో గది, ఏడో వరుస.

"జర గట్టిగ కొట్టు!"

వెయ్యిసార్లు కొట్టాను. వరండాలో అటూ ఇటూ తిరిగి గచ్చు ఒక అంగుళం అరగదీశాను. పెద్దాయన కూచోమన్నా కూచోడు. ఓసారి తెరను, ఓసారి గోడ గడియారాన్ని చూస్తున్నాడు.

"ఏంది బిడ్డా, చెప్తదా అది?"

"చెప్తది, చెప్తది," అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

చివరికి హమాలీల మేస్త్రీ వచ్చి నవ్వాడు. "గాడ ఎందుకుంటయ్ సారూ? నెలకోసారి తిరగేస్తం గదా! లేకుంటే బూజు పడ్తది. కిందియి మీదికి, ఈ గదియి ఆ గదికి."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగినవా? నీ డబ్బా అన్నీ చూస్తదని షావుకారు చెప్పిండాయె."

ఆ మాట అని, మేస్త్రీ కళ్లు మూసుకుని, గాలి పీల్చి, ఘాటు జాడ పట్టుకుని నేరుగా నాలుగో గదిలోకి నడిచాడు. ఒంటిగంటకు ఐదు నిమిషాలుండగా పన్నెండు బస్తాలూ లారీ ఎక్కాయి. షావుకారు నా వైపు తిరిగి, "సారూ, అండ్ల గిట్ల రాయి: మేస్త్రీని అడగాలె," అన్నాడు. ఇంగ్లిషు అక్షరాల్లో రాశాను. ఏ పేరు కొట్టినా అదే వచ్చేది. ఆ ప్రోగ్రాం ఆ తర్వాత ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

ఇందులో మిగతాదంతా నేను పెంచిందే గాని పుట్టించింది కాదు. పుట్టించింది ఒక్కటే, ఆ వాసన పట్టి లారీ ఎక్కించడం. మేస్త్రీ వాసన పట్టలేదు. వరుస తర్వాత వరుస దింపించి వెతికితే బస్తాలు మూడింటికి దొరికాయి. అప్పటికి లారీ వెళ్లిపోయింది.

పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, కంప్యూటర్ వైపు చెయ్యి చూపాడు.

"మళ్ల ఎప్పుడు రమ్మంటది బిడ్డా అది?"

వచ్చే వారం, అన్నాను. నాకేం తెలుసు?