ఉప్పాడ ఒడ్డున నేను వెతికిన పట్నం

రెండు వేల ఏళ్ల కిందటి మనుషుల మీద నాకున్న ప్రేమ పక్కింటివాళ్ల మీద ఎప్పుడూ లేదు. గొప్పకు చెప్పడం లేదు, తప్పు ఒప్పుకుంటున్నాను. రాజమండ్రిలో ముప్ఫై ఏళ్లు హైస్కూలు పిల్లలకు సోషల్ చెప్పాను. శాతవాహనుల పాఠం వచ్చేసరికి నా గొంతు మారిపోయేదని పిల్లలు వెనకాల నవ్వుకునేవారు. మా వీధిలో ఎవరింట్లో పెళ్లో, ఎవరింట్లో చావో నాకు పట్టేది కాదు. యవనుల ఓడలు ఏ నెలలో, ఏ గాలికి మన రేవులకు వచ్చేవో అడిగితే మాత్రం నిద్రలో లేపినా చెప్పేదాన్ని. మావారు బతికున్న రోజుల్లో, దూరపు కొండలు నునుపు అని ఏడిపించేవారు. నేను మూతి ముడుచుకుని ఆ పూట కూరలో ఉప్పు తగ్గించేదాన్ని.

ఆయన పోయాక, ఉద్యోగమూ అయిపోయాక నవల మొదలుపెట్టాను. మన తీరంలో ఒక పాత రేవుపట్నం. సముద్రం దాన్ని ఏడాదికో వీధి చొప్పున తినేస్తుంటుంది. అందరూ మూటలు కట్టుకుని పోతున్నా ఒక కుమ్మరి కుటుంబం మాత్రం కదలదు. కథ అంతే. దాని కోసం చదవని పుస్తకం లేదు, అడగని లైబ్రరీ లేదు. కానీ ఆ కాలం వస్తువు ఒక్కటైనా చేత్తో తాకాలని మనసు పీకేది.

తుపాను వెలిశాక ఉప్పాడలో ఆడవాళ్లు ఒడ్డున కూర్చుని దువ్వెనలతో ఇసుక దువ్వుతారని, చిన్న చిన్న బంగారపు ముక్కలు దొరుకుతాయని పేపర్లో చదివి ఒక రోజు బస్సెక్కాను. బంగారం మీద ఆశ కాదు, పాత కాసో పెంకో బయటపడుతుందేమోనని. అక్కడే ఆమె కలిసింది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి, భర్త పోయాడు, నాకంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. నేనేం వెతుకుతున్నానో అడిగి, తన దువ్వెన నాకిచ్చి, తను చేత్తో ఇసుక గీరుతూ కూర్చుంది. నేను ఆమెను పెద్దమ్మా అన్నాను. ఆమె నన్ను టీచరమ్మగారు అంది. సముద్రం వైపు చివరి వరసలో, సిమెంటు రేకుల ఇంట్లో ఒక్కతే ఉండేది. ఆ తర్వాత మూడేళ్లలో ఆ ఇంట్లో ఎన్నిసార్లు టీ తాగానో లెక్కలేదు.

రెండో ఏడు, ఒక పొద్దున్న నీళ్లు బాగా వెనక్కి తగ్గినప్పుడు, తడి ఇసుకలో గుండ్రంగా ఎర్రటి అంచు కనిపించింది. కాల్చిన మట్టి ఒరలు. ఒకదాని మీద ఒకటి పేర్చి, ఇసుక నేలలో నుయ్యి దింపడానికి వాడేవి. పాత పట్నాల తవ్వకాల్లో ఇలాంటివే బయటపడ్డాయని ఎన్నో పుస్తకాల్లో చూశాను. చీర తడుస్తుందన్న ధ్యాస లేకుండా అక్కడే కూలబడ్డాను. ఆమె టేపు ఒక కొస పట్టుకుంటే నేను రెండో కొస లాగి, అడ్డం, లోతు, మందం అన్నీ కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాను. రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ నీళ్లు తోడుకున్న ఆడదాన్ని తలుచుకుని కళ్లమ్మట నీళ్లు పెట్టుకున్నాను కూడా.

ఆమె ఇంటికొచ్చి టీ తాగుతుంటే తను మెల్లగా చెప్పింది.

"ఆ నుయ్యి మాదేనండి. మా మావగారు తవ్వించేరు. నేను కాపరానికొచ్చిన కొత్తలో అందులోదే తోడేదాన్నండి."

మరి ముందే చెప్పొచ్చుగా అన్నాను. నేనంత సంబరపడిపోతుంటే తనకు నోరు రాలేదంది. నేను పడీపడీ నవ్వాను. కొండను తవ్వి ఎలుకను పట్టానన్న ఉక్రోషం కూడా ఆ నవ్వులో ఉంది. నేను నవ్వుతుంటే ఆమె చెప్పుకుపోయింది. ఆ నూతి పక్కన పెంకుటిల్లు ఉండేదట, సముద్రం తీసుకుపోయిందట. దాని వెనక వేసుకున్న పాకా పోయిందట. ఇప్పుడున్నది మూడో ఇల్లు. నా ఒళ్లో నోటుబుక్కు తెరిచే ఉంది. అందులో ఒక్క ముక్క రాయలేదు. నవలలో ఆ నుయ్యి రెండు వేల ఏళ్ల నాటిదిగానే ఉండిపోయింది.

మూడో ఏడు ఎండాకాలంలో ఆమె నన్ను ఒక సాయం అడిగింది. ఒడ్డున ఉన్నవాళ్లకు లోపల ఎక్కడో ఇళ్ల స్థలాలిస్తారని ఊళ్లో పెద్దలు అంటున్నారు. ఎన్నేళ్ల నుంచి ఉంటున్నారో, ఇదివరకటి ఇళ్లు ఎక్కడుండేవో, ఇప్పటి ఇల్లు ఎలా ఉందో వివరంగా అర్జీ పెట్టాలి. రెండో ఇల్లు పోయినప్పుడు ఆమె రేషన్ కార్డు ఊళ్లోనే ఉన్న కూతురి ఇంటికి మార్చుకుంది. కాబట్టి కాగితాల మీద ఆమెకు ఒడ్డున ఇల్లే లేదు. కూతురిది ఒక్కటే గది, అందులో అయిదుగురు. స్థలం రాకపోతే ఆమెకు వేరే దారి లేదు.

"తమరు పుస్తకాలు రాత్తారు గదండి. తమరు రాత్తే నమ్ముతారండి."

రాస్తాను పెద్దమ్మా, చివరి అధ్యాయంలో ఉన్నాను, అది అవగానే నీదే పని అన్నాను. అబద్ధం కాదు, నిజంగానే అనుకున్నాను. తర్వాత రెండుసార్లు కూతురి చేత ఫోన్ చేయించింది. ఇదిగో అయిపోతోంది అన్నాను. మూడోసారి చేయించలేదు. నేనూ గమనించలేదు. అప్పుడు నేను కుమ్మరి ఇల్లు సముద్రంలో కూలిపోవడం రాస్తున్నాను. ఏ గోడ ముందు ఒరిగింది, పొయ్యి మీద ఏం ఉడుకుతోంది, ముసలామె చివరిసారి ఏది చేతిలోకి తీసుకుంది, ఒక్కొక్కటీ వారాల తరబడి రాశాను. ఎన్నడూ లేని ఆ ఇంటి కోసం వెక్కివెక్కి ఏడ్చాను.

వానాకాలం చివర్లో తుపాను వచ్చింది. ఆ ముందురోజే ఆమె కూతురింటికి వెళ్లడంతో ప్రాణం దక్కింది. మూడు రోజుల తర్వాత నేను వెళ్లేసరికి చివరి వరస లేదు. గోడ లేదు, అరుగు లేదు. నీళ్లు, ఇసుక, అంతే. ఆమె నన్ను చూసి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, పైగా ఎదురొచ్చింది. నష్టం రాసుకోవడానికి ఆఫీసువాళ్లు వచ్చారట. ఇల్లెక్కడో చూపించమన్నారట. సముద్రం చూపించిందట. వాళ్లు మంచిగానే మాట్లాడారట, కనీసం ఫొటో అయినా ఉందా అని అడిగారట. మా టీచరమ్మగారి ఫోన్లో బోలెడున్నాయి, ఆవిడ వత్తారు అని గట్టిగా చెప్పిందట. రెండు రోజుల్లో మళ్లీ వస్తామన్నారట.

ఉన్నాయి, ఉన్నాయి అంటూ ఫోన్ తీశాను. వందలున్నాయి. ఒరలు నాలుగు వైపుల నుంచీ. పెంకులు, పక్కన స్కేలు పెట్టి. అలలు, తడి ఇసుక. ఆమె నా భుజం మీంచి వంగి చూస్తోంది. నేను వేలితో జరుపుతూ పోతున్నాను, పోనుపోనూ ఇంకా గబగబా. ఫొటో తీసేటప్పుడల్లా ఆ రేకుల కప్పు, ఆ నీలం గోడ, దండెం మీది బట్టలు పడకుండా పక్కకు జరిగి తీసుకునేదాన్ని. పాత పట్నంలో ప్లాస్టిక్ బిందె ఉంటుందా మరి. కాస్త తప్పుకో పెద్దమ్మా అని ఆమెను కూడా జరిపేదాన్ని. ఒకే ఒక్క ఫొటోలో, అంచున, టేపు పట్టుకున్న ఆమె చెయ్యి పడింది.

"మా ఇల్లేదండి?" అంది.

మళ్లీ మొదటి నుంచి జరిపాను, ఈసారి ఇద్దరం చూశాం. ఆఖరి ఫొటో దాకా వచ్చాక ఆమే నా చెయ్యి పట్టుకుంది. "పోనీలెండి. మీకు అడ్డమొచ్చుంటది" అంది. ఆ మాటలో దెప్పు వెతికాను. లేదు. ఉంటే నాకు కొంత తేలిగ్గా ఉండేది.

ఒడ్డున కోత ఆపడానికి వేసిన బండరాళ్ల మీద కూర్చుని, సంచిలోంచి తెల్లకాగితాలు తీసి అర్జీ రాయడం మొదలుపెట్టాను. ఆమె మామగారి పెంకుటిల్లు, ఒరల నుయ్యి, పాక, అన్నీ అడిగి రాశాను. మూడో ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆమెను అడగనక్కర్లేదు, నేను చూసిందే కదా అనుకున్నాను. సిమెంటు రేకులు, నీలం గోడ అని రాసి, గుమ్మం దగ్గర ఆగిపోయాను. కుమ్మరివాళ్ల గుమ్మం ఏ దిక్కుకో, గడప ఏ కర్రదో నాకు తెలుసు. ఈమె గుమ్మం ఎంతకీ గుర్తు రాలేదు. సిగ్గు చంపుకుని, మీ ఇంటి గుమ్మం ఎటుండేది పెద్దమ్మా అని అడిగాను.

ఆమె నా వంక వింతగా చూసింది.

"తూర్పుకండి. వచ్చినప్పుడల్లా ఆ గుమ్మంలోనే కూకునేవోరు గదండి, తమరు."