కాపీ చేస్తే మడి కట్టుకున్నట్టే

డిగ్రీ చేతికొచ్చిన ఆ రోజుల్లో కంప్యూటరంటే నాకు భక్తి ఎక్కువ, జ్ఞానం తక్కువ. మండపేటలో మా బావ నడిపే డీటీపీ సెంటర్లో పెళ్ళికార్డులు టైపు చేసేవాణ్ణి. కాపీ చేసిన ముక్క దాని పొట్టలో ఒక్కటే పడుతుందని, రెండోది కాపీ చేస్తే మొదటిది గాల్లో కలిసిపోతుందని నా గట్టి నమ్మకం. అందుకని కంట్రోల్ సీ నొక్కింది మొదలు పేస్టు చేసేదాకా నేను మడి కట్టుకున్నట్టే. చేతులు గాల్లోకి ఎత్తేసి, కీబోర్డు ఎవరినీ ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. (ఆవకాయ కలిపేటప్పుడు మా నాయనమ్మ "అక్కడే ఉండండి" అని కేకేసేది, సరిగ్గా ఆ గొంతే నాది.) "మావాడు కాపీలో ఉన్నాడండి, కాసేపు పలకరించకండి" అని మా అక్క వచ్చినవాళ్ళకి చెప్పి నవ్వేది.

ఓ రోజు రైసుమిల్లు తాతగారు మనవరాలి పెళ్ళికార్డు కోసం వచ్చారు. (మిల్లు ఆయనది కాదు. అందులో గుమాస్తాగా చేసి మానేశారు, పేరు మాత్రం వదల్లేదు.) సాయంత్రానికి కార్డు ప్రెస్సుకి వెళ్ళాలి. అంతా చెప్పేసి లేవబోయిన మనిషి మళ్ళీ కూర్చున్నారు. "బాబూ, ఈ పిల్లని నిద్రపుచ్చుతూ మా ఆవిడ ఓ జోలపాట సొంతంగా కట్టి పాడేదండి. ఆవిడ పోయాక ఎంత తన్నుకున్నా నాకు గుర్తు రాలేదు. ఇప్పుడు మీ ఫ్యాను కింద కూర్చుంటే మొత్తం వచ్చేసింది. రాసెయ్యండి, రాసెయ్యండి!" అన్నారు. అరటాకు పడవెక్కి అమ్మాయి వచ్చిందట, గోదారి గట్టంతా దీపాలు పెట్టమంటూ నాలుగు వరసలు. వేరే పేజీలో టైపు చేశాను. కార్డులో దేవుడి బొమ్మ కింద పెట్టమన్నారు. కట్ చేసి, అలవాటుగా చేతులెత్తాను.

సరిగ్గా అప్పుడే, పక్కన అరటి వ్యాపారం కూడా చేసే మా బావ దూసుకొచ్చాడు. "లేవోయ్ లే, రావులపాలెంలో మన అరటి లోడు ఆగిపోయింది, లారీ కాగితం మెయిల్లో పంపాలి." "కాపీలో ఉన్నాను బావా!" అని మొత్తుకున్నా వినలేదు. లారీ నంబరు కాపీ చేశాడు, అతికించాడు, పంపాడు. తెరిచినవన్నీ మూసేశాడు. సేవ్ చేయాలా అని అది పాపం మర్యాదగా అడిగితే అక్కర్లేదని నొక్కి వెళ్ళిపోయాడు. "తాతగారూ, ఇంకొక్కసారి చెప్తారా?" అన్నాను. "అరటాకు..." అని ఆగిపోయారు. మళ్ళీ "అరటాకు..." అన్నారు. ఫ్యాను వైపు చూశారు. "అప్పుడొచ్చింది బాబూ, ఇప్పుడు రావట్లేదు" అన్నారు. ఆ మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

లామినేషన్ మిషను దగ్గర నుంచి అక్క వచ్చింది. "ఏంట్రా ఆ మొహం?" అంది. చెప్పాను. వంగి, కిటికీ బొమ్మున్న మీట పట్టుకుని వీ నొక్కింది. తెర మీద చిన్న గది ఒకటి తెరుచుకుంది. పైన బావ లారీ నంబరు. దాని కింద, అరటాకు పడవ, గోదారి గట్టు, దీపాలు, అక్షరం చెదరకుండా! ఇంకా కిందికి వెళ్తే పొద్దుట్నించీ కాపీ చేసినవన్నీ వరసగా కూర్చుని ఉన్నాయి. "కాపీ చేసినవన్నీ దాచే ఈ గదిని ఎప్పుడో ఆన్ చేసి పెట్టాను. నీ మడి చూడ్డం సరదాగా ఉందని చెప్పలేదు" అంది అక్క. నాకు కోపం కూడా రాలేదు. నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను.

తాతగారు కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆ వరసల్ని వేలితో తాకారు. "ఇంతసేపూ ఇక్కడే ఉందాండీ?" అన్నారు. కాసేపు చూసి, మెల్లిగా అడిగారు. "అమ్మా, ఇంకా కిందికి వెళ్తే ఆవిడ గొంతు కూడా దొరుకుతుందేమో చూస్తారా?"

అక్క దొరకదని చెప్పలేదు. ఆయన చూస్తుండగా చివరిదాకా వెళ్ళింది. తర్వాత వెనక్కి వచ్చి, ఆ నాలుగు వరసల పక్కనున్న పిన్ను బొమ్మ నొక్కి, "ఇది ఇంక పోదండి తాతగారూ" అంది.

నిజంగానే పోలేదు. ఇప్పుడు షాపు నాదే. రోజంతా ఆ రెండు మీటలూ నొక్కుతూనే ఉంటాను, మడీ లేదు, గిడీ లేదు. కానీ వేరే దేనికోసమో వెతుకుతుంటే అడుగున అరటాకు పడవ కనబడుతుంది. అప్పుడు మాత్రం నాకు తెలియకుండానే చేతులు గాల్లోకి లేస్తాయి. మా కుర్రాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వేస్తాను.