చేయి పడకముందే పెట్టిన సంతకం

1993 ఆగస్టులో బోధన్‌లోని ఒక వడ్డీలేని పరపతి సంఘంలో లెక్కల గుమాస్తాగా చేరాను. అంతకుముందు నిజామాబాద్ పసుపు మార్కెట్‌లో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో పని. లెక్కలు అక్కడే చూసి నేర్చుకున్నాను. సంఘం పెట్టింది ముస్లిం పెద్దలు; సాయం మాత్రం ఎవరు అడిగినా దొరికేది.

మా పద్ధతుల్లో ఒకటి మురాబహా. పనివాడికి కావలసిన వస్తువును సంఘమే కొంటుంది. కొన్న ధర, తన లాభం రెండూ చెప్పి అతనికి వాయిదాల మీద అమ్ముతుంది. ఆలస్యమైనా ధర పెరగదు. పైకం లేనివాడు వడ్డీవ్యాపారి గడప ఎక్కకూడదని ఉద్దేశం.

కోటగిరిలో చెరుకు బండ్లు బాగుచేసే యాదగిరికి వెల్డింగ్ మిషిన్ కావాలి. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్ మొదలయ్యేలోగా మిషిన్ రాకపోతే ఆ ఏటి పని వేరేవాళ్లకు పోతుంది. ధర ఆరు వేలు, మా లాభం ఆరు వందలు, నెలకు ఐదు వందల యాభై చొప్పున పన్నెండు వాయిదాలు. అతను మళ్లీ బోధన్ రావడమెందుకని, మిషిన్ కొనకముందే అమ్మకం కాగితం మీద సంతకం పెట్టించాను. అడ్తి దుకాణంలో అలవాటైన పనే.

సంఘం నిజామాబాద్‌లో కొన్న మిషిన్ బోధన్ వస్తుంటే లారీ మీదినుంచి పడి, లోపలి కాయిల్ పాడైంది. లారీవాళ్లు తమకు సంబంధం లేదన్నారు.

యాదగిరి ఆఫీసుకొచ్చాడు. "అన్నా, నేను దాన్ని కండ్లతోని సూడనే లేదు. కిస్తులు ఎట్ల కట్టాలె?"

నేను కాగితం చూపించాను. మా కార్యదర్శి ఖాజా సాబ్, రిటైరైన టీచరు, దాన్ని అందుకుని చదివారు.

"సంతకం పెట్టిండు, సరే. మిషిన్ మీద చెయ్యి పెట్టిండా?"

లేదన్నాను.

"మరి పాడైంది ఎవలది, శంకర్? మనదే గద. గా నష్టం ఇతని మీద ఏస్తే, వడ్డీ వ్యాపారికీ మనకూ ఫరక్ ఏంది?"

యాదగిరి తేలికపడ్డాడు. "ఇంకో సంతకం పెట్టించుకుంటే లారీ గూడ నాదే అయితుండె సాబ్" అన్నాడు.

కాగితం రద్దు చేశాం. మరమ్మతుకు పదకొండు వందలైంది. మా లాభం పోను ఐదు వందలు నష్టం. ఏడాది చివర సభ్యులకు పంచే లాభం ఆ మేరకు తగ్గింది. కారణం సభలో నేనే చెప్పాను. బీడీలు చుట్టి పొదుపు చేసుకునే ఒకామె తనకెంత తగ్గిందని అడిగింది. ఎనభై పైసలన్నాను. "గంతేనా? ఇగ పైలంగ రాయి" అని కూర్చుంది.

క్రషింగ్‌కు నాలుగు రోజుల ముందు మిషిన్ కోటగిరి చేరింది. యాదగిరి ఒక బండి ఇరుసు అతికించి చూసుకున్నాకే కొత్త కాగితం మీద సంతకం చేశాడు. పన్నెండు వాయిదాలూ కట్టాడు.

అప్పటినుంచి ప్రతి అమ్మకం కాగితంలో రెండు తేదీలు రాసేవాణ్ణి: వస్తువు సంఘం చేతికి వచ్చినది, కొన్నవాడికి అప్పగించినది. ఆ రెండింటి మధ్య నష్టభయం మోసినవాడికే లాభం అడిగే హక్కు ఉంటుంది.