లోలకం ముందు ప్రార్థన

డిగ్రీ చేతికొచ్చిన కొత్తల్లో మనిషికి అన్నీ తెలుసనే ధీమా ఒకటి ఉంటుందంటారు. ఆ వయసులో నాకు అదీ లేదు. భౌతికశాస్త్రంలో ఫస్టు క్లాసు తెచ్చుకున్నానే గాని, మా కాలేజీలో పరికరాలన్నీ తాళం వేసిన అద్దాల బీరువాలో భద్రంగా ఉండేవి. మేము వాటిని బయటినుంచి చూసి, రీడింగులు సీనియర్ల దగ్గర దించుకుని, గ్రాఫులు మాత్రం రంగు పెన్సిళ్ళతో బ్రహ్మాండంగా గీసేవాళ్ళం. అలాంటి దాన్ని, ఒక సెలవు రోజున మా సండే స్కూలు పిల్లల్ని నెల్లూరులో సైన్సు మ్యూజియానికి తీసుకుపోయాను. అక్కడ వలంటీరు అమ్మాయి ఒకతి గిర్రున తిరుగుతున్న సైకిలు చక్రాన్ని నా చేతుల్లో పెట్టి, వంచి చూడమంది. నేను ఒక పక్కకి వంచబోతే అది ఇంకో పక్కకి లాగింది. పరీక్షలో జవాబుగా మాత్రమే తెలిసిన విషయం నా మణికట్టు పట్టుకుని లాగుతుంటే ఒళ్ళు ఝల్లుమంది. బతికితే ఇలాంటి పని చేస్తూ బతకాలనిపించింది. వేసవికి వలంటీర్లు కావాలని, ఇంటర్వ్యూకు రమ్మని గేటు దగ్గర కాగితం కూడా అంటించి ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో చెప్పాను. మాది బుచ్చిరెడ్డిపాలెం, నాన్నది వడ్ల వ్యాపారం. బేరం తెగేదాకా మాట తూచి మాట్లాడే మనిషి. అప్పటికే కృష్ణపట్నం పోర్టులో పనిచేసే మా మామయ్య, వాళ్ళ కంపెనీలో నాకో సీటు చూసిపెట్టాడు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా వచ్చే పోయే లారీల నంబర్లు కంప్యూటర్లో కొట్టడం. నాన్న భోజనం ముగించి, చేయి కడుక్కుని, అప్పుడు తీర్పు చెప్పాడు.

"వాళ్ళు తీసుకుంటే సెలవులయ్యేదాకా పో పాపా. తీసుకోకపోతే మాత్రం సోమవారం నుంచి మామయ్యతో కంపెనీ బస్సు ఎక్కాల. మళ్ళా నా దగ్గర ఏడవగూడదు."

మా అమ్మ ఊరుకుంటుందా! మా పాప ఇంటర్వ్యూ కోసం ప్రార్థించండి అని చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. సాయంత్రానికల్లా అది గవర్నమెంటు ఉద్యోగమైపోయింది. స్త్రీల సమాజం వాళ్ళు నాకోసం ఉపవాస ప్రార్థన కూడా పెట్టుకున్నారు. జీతం లేని పనికి ఉపవాసం ఎందుకని చెప్పే ధైర్యం నాకెక్కడిది? (వాళ్ళలో ఒక పెద్దావిడ షుగరున్న మనిషి. ఆమెను మాత్రం చాటుగా కలిసి, దేవుడు ఏమీ అనుకోడు, రెండిడ్లీలు తినమని బతిమాలాను.)

ఇంటర్వ్యూలో ఇద్దరే ఉన్నారు. మ్యూజియం చూసుకునే సారు ఒకరు, సైన్సు టీచరుగా రిటైరైన మేడం ఒకరు. రాత్రంతా బట్టీపట్టిన సూత్రాల్లో ఒక్కటీ అడగలేదు. సరాసరి హాల్లోకి తీసుకుపోయారు. అక్కడ చిల్లకూరు అవతల సముద్రం పక్క ఊళ్ళనుంచి వచ్చిన బడిపిల్లలు గోలగోలగా ఉన్నారు. పైకప్పునుంచి ఒక పెద్ద ఇనుప గుండు గొలుసుకు వేలాడుతోంది. దాన్ని లాగి మన ముక్కుదాకా తెచ్చి వదిలిపెట్టి, గోడకు ఆనుకుని కదలకుండా నిలబడాలి. అది అవతలికి పోయి, మళ్ళీ ముక్కు దగ్గరికే వచ్చి ఆగి, వెనక్కి పోతుంది. దాని గురించి పిల్లలకు చెప్పమన్నారు. పుస్తకంలో చదివిందే తప్ప నేను ఎన్నడూ దాని ముందు నిలబడలేదు.

నాకు పిల్లలకు చెప్పడమంటే ఒకటే పద్ధతి వచ్చు, సండే స్కూలు పద్ధతి. ముందు చేతులు కట్టించాను. తర్వాత బైబిల్లో కంఠత వాక్యం చెప్పించినట్టే, "గుండు వదిలిన చోటు దాటి ముందుకు రాదు" అని చప్పట్లతో, రాగంతో అందరిచేతా చెప్పించాను. పిల్లలు అందుకున్నారు. సారు కాలితో తాళం కూడా వేశాడు. ఆ ఊపులో గుండును ముక్కుదాకా లాగి వదిలేశాను. అది పోయేటప్పుడు బాగానే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు చూడండి నా అవస్థ! నా ఫస్టు క్లాసు, సూత్రాలు, అన్నీ ఎగిరిపోయాయి. నోరు దాని అలవాటుకొద్దీ, "అందరూ కళ్ళు మూసుకోండి, ప్రార్థన చేసుకుందాం" అనేసింది. నేను కళ్ళు మూసుకుని, ప్రభువా ఈ ముక్కును నీ చేతికి అప్పగిస్తున్నాను అని పైకే అన్నాను. ముఖానికి చల్లగా గాలి తగిలింది. కళ్ళు తెరిస్తే గుండు వెనక్కి పోతోంది. పిల్లలంతా బుద్ధిగా చేతులు జోడించి ఉన్నారు. కొందరు ఆమెన్ అన్నారు, కొందరు గంగమ్మ తల్లీ అని దణ్ణం పెట్టుకున్నారు.

సారు నేల చూపులు చూస్తున్నాడు. అయిపోయింది, ఇక లారీ నంబర్లే అనుకున్నాను. మేడం మాత్రం కళ్ళజోడు సర్దుకుని నా దగ్గరికి వచ్చింది.

"గుండు ఎందుకు ఆగినట్టమ్మా? సూత్రం వల్లనా, నీ ప్రార్థన వల్లనా?"

ఆలోచించి చెప్పే స్థితిలో ఉంటే ఏదో ఒకటి చెప్పి చెడగొట్టుకునేదాన్నే. "గుండు దాని సూత్రం ప్రకారమే ఆగింది మేడం. నేను పారిపోకుండా నిలబడ్డానే, దానికోసం ప్రార్థన చేసినాను" అన్నాను.

మేడం నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. సారు కూడా నవ్వేసి, రేపట్నుంచి రమ్మన్నాడు. ప్రార్థన మాత్రం మనసులో చేసుకోమన్నాడు. ఇంటికొచ్చి చెబితే నాన్న, సరే పో అన్నాడు, అంతే. మామయ్య ఆ సీటుకు ఇంకెవరినో చూసుకున్నాడు.

వేసవి అయిపోయినా నేను ఆ పిల్లల మధ్యనుంచి బయటికి రాలేదు. బి.ఇడి. చేసి, ఇప్పుడు హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. ఏటా మా పిల్లల్ని ఆ మ్యూజియానికి తీసుకుపోయి, వాళ్ళ ఎదుట ఆ గుండును ముక్కుదాకా లాగి వదులుతాను. వస్తుంది, ఆగుతుంది, పోతుంది. నేను రెప్ప కూడా వేయను. పోయినేడు ఒక పిల్ల, భయం వెయ్యలేదా మేడం అని అడిగింది. లేదన్నాను, నిజమే చెప్పాను. చెబుతూ చెబుతూ, కళ్ళు మూసుకుని, ప్రభువా అంటూ గోడకు అతుక్కుని నిలబడ్డ ఆనాటి ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి, దానిమీద కాస్త అసూయ కూడా పడ్డాను.