తుడిచిన బల్ల

మా గోదావరిఖనిలో ఎవరింటికి వెళ్లినా ముందు కుర్చీ తుడిచి, తర్వాత కూర్చోమంటారు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ జరిగిందంటే, కాసేపటికి వంటింట్లో గిన్నెల మీదా దుమ్మే. ఇన్నేళ్లుగా సైన్సు చెబుతున్న నాకు పుస్తకం కన్నా ముందు గుడ్డే చేతికొస్తుంది. ఆ గుడ్డను చూస్తేనే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

మా బడి సైన్సు ఫెయిర్ కోసం తొమ్మిదో తరగతి అమ్మాయి ఘర్షణ మీద ప్రయోగం తయారుచేసింది. పొడవాటి బల్ల, ఒక చెక్కదిమ్మ, దాన్ని ప్రతిసారీ ఒకే బలంతో నెట్టే స్ప్రింగు. నెడితే దిమ్మ ఎంత జోరందుకుంటుందో, ఎక్కడికి పోయి ఆగుతుందో కొలవాలి. వాళ్ల క్వార్టర్ వరండాలో పది రోజులు కొలిచి, దిమ్మ ఆగిన చోటల్లా బల్ల మీద గీత గీసి, చార్టు రాసింది. జిల్లా పోటీకి పంపేది ఒక్కరినే. "నువ్వే పోతవు బిడ్డా, ఫికర్ చెయ్యకు" అని మాటిచ్చింది నేనే.

ఫెయిర్ రోజు జడ్జి వచ్చే ముందే బ్లాస్టింగ్ అయింది. అమ్మాయి చార్టు తేవడానికి వెళ్లింది. పెద్దమనిషి వస్తున్నాడు కదా అని నేను బల్లను తళతళా తుడిచేశాను.

జడ్జి ముందు ఆమె స్ప్రింగు వదిలింది. దిమ్మ దూసుకుపోయి, గీతలన్నీ దాటి కింద పడింది. మూడుసార్లూ అంతే.

"ఈ కొలతలు ఎక్కడ చూసి రాసినవ్?" అన్నాడాయన.

"నేనే కొలిచిన సార్."

ఆయన నవ్వి పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. అప్పుడు వెలిగింది నాకు. ఆమె కొలిచింది దుమ్ము పడ్డ బల్ల మీద. ఆ గరుకును నేనే తుడిచిపారేశాను. ఆయన రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. సైన్సు టీచర్‌నై ఉండి ఈ మాట ఎలా ఒప్పుకోను? సిగ్గుతో చేతిలోని గుడ్డను మడతపెడుతూ నిలబడ్డాను.

జడ్జి ఇంకొకరి పేరు రాసిచ్చి వెళ్లాక, ఆ అమ్మాయి కిటికీ గట్టు మీది దుమ్మును అరచేత్తో ఊడ్చి బల్లంతా చల్లింది. స్ప్రింగు వదిలింది. దిమ్మ గరగరమంటూ కదిలి, సరిగ్గా తన గీత దగ్గరే ఆగింది.

"జల్ది పోయి సారును పిలుచుకొస్త. తప్పు నాదే అని చెప్త" అన్నాను.

ఆమె నావైపు చూడకుండా చార్టు చుట్టుకుంది.

"ఇప్పుడెందుకు టీచర్? సార్ ఈడ ఉన్నప్పుడు గుడ్డ మీ చేతిలనే ఉండె."